జోగమ్మ అనని మాటలు

రేవుపేట,
9 ఫిబ్రవరి 2026

పావనమ్మా,

నీ ఉత్తరం శుక్రవారం టెక్కలి సంచిలో వచ్చింది. ముద్ర నేనే వేసి, నాకు నేనే బట్వాడా చేసుకున్నాను. మన బ్రాంచి పోస్టాఫీసుకు అసలైన ఉత్తరమంటూ ఒకటి వచ్చి ఎన్నాళ్ళయిందో. బ్యాంకు నోటీసులూ ఆధార్ కార్డులూ తప్ప మరేమీ రావు. ఇన్‌స్పెక్టరు గారు వచ్చినప్పుడల్లా "పాపారావూ, మీ ఊళ్ళో ఎవరికీ ఎవరితోనూ మాట లేదా?" అని అడుగుతాడు. అందుకే నిన్ను రాయమన్నాను. రెండో కారణం నీకు తెలిసిందే. ఫోన్లో మాట్లాడితే మీ అమ్మమ్మ స్పీకరు పెట్టిస్తుంది. మన సంగతులు సాయంత్రానికి వీధి చివరి దాకా పోతాయి.

అయితే ఒక అనుమానం. ఆ ఉత్తరం ఎవరు రాశారు?

"మీ క్షేమసమాచారాల కోసం నా హృదయం ఉవ్విళ్ళూరుతోంది" అని ఉంది. మన ఇంట్లో ఉవ్విళ్ళూరినవాళ్ళు ఎవరూ లేరు. "మీరు నా జీవితానికి దీపస్తంభం" అని కూడా ఉంది. బారువ దీపస్తంభం నేను చూశాను. నాకూ దానికీ పొడుగులో కూడా పోలిక లేదు. నువ్వయితే "మావా, ఎలాగున్నావు, కవళ్ళ చేపలు పడతన్నాయా" అని రాసేదానివి.

నీకు ఉత్తరాలు రాసిపెట్టే కుర్రాడు ఎవరైనా దొరికాడా? మావయ్యను ఇంత గౌరవించేవాడు చెడ్డవాడు కాకపోవచ్చు. పేరూ ఊరూ రాయి. గుజరాత్ వేరావల్‌లో ఉన్న మీ అమ్మానాన్నలకు ఇప్పుడే చెప్పను.

నీ మావ,
పాపారావు


విశాఖపట్నం,
17 ఫిబ్రవరి 2026

మావా,

కుర్రాడు లేడు, కుట్రా లేదు. ఆ ఉత్తరం ఏఐ రాసింది. మనం ఏదైనా అడిగితే రాసిపెట్టే యంత్రం అనుకో. "మేనమామకు ఆప్యాయంగా ఒక ఉత్తరం రాయి" అన్నాను. దానికి నువ్వెవరో తెలీదు కదా, అందుకే నిన్ను దీపస్తంభం చేసింది. ఇక నుంచి నేనే రాస్తాను. అక్షరాలు బాగోలేకపోతే సర్దుకో.

ఇప్పుడు అసలు సంగతి. ఇది అమ్మమ్మకు చెప్పకు.

మాకు ఈ సెమిస్టరులో ఒక నివేదిక ఉంది. సొంతూరు వెళ్ళి, ఒక పెద్దావిడతోనో పెద్దాయనతోనో రెండు రోజులు కూర్చుని, వాళ్ళ జీవితం, ఆచారాలు అడిగి రాయాలి. జనవరిలో నాకు పరీక్షలున్నాయని మీకు చెప్పాను. మా తారకేశ్వరరావు సార్‌కు ఊరెళుతున్నానని చెప్పాను. రెండూ నిజం కాదు. స్నేహితురాళ్ళతో అరకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గడువుకు రెండు రోజులే ఉంది. ఆ యంత్రాన్నే అడిగాను. ఉద్దానం తీరంలో గంగపుత్రుల ఆచారాల మీద ఇరవై పేజీలు, డెబ్బై రెండేళ్ళ జోగమ్మతో, అంటే మన అమ్మమ్మతో, ఇంటర్వ్యూ సహా, అరగంటలో ఇచ్చింది. పేరూ వయసూ తప్ప నేను ఇచ్చింది ఏమీ లేదు.

అందులో మన ఊళ్ళో "తెడ్ల పున్నమి" అనే పండగ ఉందని రాసింది. చైత్ర పున్నమి నాడు తెల్లవారుతుండగా ఆడవాళ్ళు మొగుళ్ళ తెడ్లు దాచేస్తారట. మగవాళ్ళు పాట పాడి విడిపించుకోవాలట. చదువుతుంటే బాగుందనిపించింది. ఇచ్చేశాను.

సార్‌కు మరీ బాగుందనిపించింది. క్లాసులో అందరిముందూ మెచ్చుకున్నారు. ముప్పై ఏళ్ళుగా ఈ తీరంలో తిరుగుతున్నా ఈ పండగ వినలేదన్నారు. ఏప్రిల్ రెండున పన్నెండు మందిని తీసుకుని మన ఊరొస్తారట.

మావా, నువ్వే దిక్కు. అమ్మమ్మ చేత "అవును, అలాంటిది ఉంది" అని ఒక్క మాట అనిపించు. మిగతావి నేను చూసుకుంటాను.

భయంతో,
పావని


రేవుపేట,
24 ఫిబ్రవరి 2026

దీపస్తంభం మేనకోడలికి,

చదివి చాలాసేపు నవ్వాను. మీ అత్త వచ్చి ఏమైందని అడిగితే ఇన్‌స్పెక్టరు గారి ఉత్తరమని చెప్పాను. ఆమె నమ్మలేదు. ఆయన నవ్వించే మనిషి కాదు.

అమ్మమ్మ దగ్గర విషయం మెల్లగా కదిపాను. "అమ్మా, పావని నీ గురించి కాలేజీలో ఏదో ఇచ్చింది. అది పావని రాసింది కాదులే, ఏఐ రాసింది" అన్నాను.

"ఏ ఆయి?" అంది.

నువ్వు మరచిపోయి ఉంటావు. అమ్మమ్మ పుట్టిల్లు ఇచ్ఛాపురం అవతల. అక్కడ ఒడియా మాట కలిసిపోయి, అమ్మను కన్నామెను "ఆయి" అంటారు. ఆమె చిన్నప్పుడు తన అమ్మమ్మను అలాగే పిలిచేది. నేను విడమరచి చెబుదామని నోరు తెరిచేలోగా ఆమె లేచి నిలబడింది.

"ఇశాపట్నంలో దానికింకో ఆయి దొరికిందేటి? నాను బతికే ఉన్నాను కదా. ఉత్తరాలు ఆయమ్మే రాత్తాది, కతలు ఆయమ్మే సెప్తాది. ఇంక నానెందుకు?"

ఇక్కడ నేను తప్పు చేశాను. సరిదిద్దాల్సింది పోయి, "మంచి ఆయేనమ్మా, అడిగిందల్లా చెబుతుందట, విసుక్కోదట" అన్నాను. నీ అమ్మమ్మకు అసూయ పుట్టడం నేను ఈ నలభై నాలుగేళ్ళలో చూడలేదు. చూడముచ్చటగా ఉంది. ఒక వారం ఉండనీ, తర్వాత చెబుతాను.

ఆ సమయంలో పక్కింటి దుర్గ చేపల బుట్ట దింపి మన అరుగు మీదే కూర్చుని ఉంది. తర్వాత నేను అమ్మకు చెప్పిన తెడ్లు దాచే సంగతి పూర్తిగా వింది. "ఎవులు సెప్పినారో గానీ బాగా సెప్పినారు" అని రెండుసార్లు అని వెళ్ళింది. నాకు ఆ మాట నచ్చలేదు.

ఆ ఇరవై పేజీలు నాకు పంపు. అబద్ధం ఆడమంటే అది ఎంత పొడుగుందో నాకు తెలియాలి కదా.

నీ మావ


విశాఖపట్నం,
4 మార్చి 2026

మావా,

నీ వల్ల నా పరువు పోయింది.

ఆదివారం అమ్మమ్మ ఫోను చేసింది. బాగున్నావా అని కూడా అడగలేదు. "ఆ ఆయికి ఫోనియ్యి" అంది. ఇక్కడ ఎవరూ లేరన్నాను. "నేదంటావేటి? రేయీ పగలూ నీ పక్కనే ఉంతాదంట కదా. పాపారావు సెప్పినాడు" అంది. నా గదిలో ఉండే సంతోషి పావడా కుట్టుకుంటూ ఇదంతా వింటూనే ఉంది. "నేను మాట్లాడనా?" అని నా చేతిలో ఫోను లాక్కుని, గొంతు వణికిస్తూ "జోగమ్మా, బాగున్నావా తల్లీ" అంది. అమ్మమ్మ దానిని పది నిమిషాలు తిట్టింది. మా మనవరాలికి మా ఊరి గురించి నువ్వేం చెబుతావు, నువ్వెప్పుడైనా పడవ ఎక్కావా, ఉప్పు చేప తిన్నావా అని. సంతోషి నవ్వు ఆపుకోలేక దిండులో ముఖం పెట్టేసింది. అమ్మమ్మేమో ఆ ఆయి సిగ్గుపడి ఏడుస్తోందనుకుని, "సర్లే, ఏడవకు" అని పెట్టేసింది.

వెంటనే ఆమెకు నిజం చెప్పు. యంత్రమని చెప్పు.

నివేదిక నకలు ఇందులో పెట్టాను. నువ్వు మాత్రమే చదువు. దుర్గక్కకు మాత్రం దీని వాసన కూడా తగలనీయకు. తారకేశ్వరరావు సార్ ఇంకా హుషారుగా ఉన్నారు. పన్నెండు మంది ఇరవై అయ్యారు. ఒక్కోసారి వెళ్ళి చెప్పేద్దామనిపిస్తుంది. ఆయన గది తలుపు దాకా వెళ్ళి, నోటీసు బోర్డు చదువుతున్నట్టు నిలబడి తిరిగొచ్చేస్తున్నాను. ఆ బోర్డు మీద ఉన్నవన్నీ నాకు నోటికొచ్చేశాయి.

నీ మీద కోపంతో,
పావని


రేవుపేట,
12 మార్చి 2026

పావనీ,

మూడు సంగతులున్నాయి. మొదటి రెండూ నవ్వొచ్చేవి. మూడోది కాదు.

దుర్గ విషయం నీ ఉత్తరం రాకముందే చేయి దాటిపోయింది. ఆడవాళ్ళు నూకయ్య వాళ్ళ వల కొట్టం దగ్గర చేరి, తెడ్ల పున్నమి చేయాల్సిందేనని తీర్మానించారు. అయితే నీ యంత్రానికి తెలియనిది ఒకటుంది. మన బోట్లకు తెడ్లెక్కడివి? అన్నీ ఇంజన్లే. దాంతో తెడ్లకు బదులు ఇంజను స్టార్టు చేసే తాళ్ళు దాస్తారట. మగవాళ్ళకు అది తెలిసి వాళ్ళూ ఒక సమావేశం పెట్టారు. దుర్గ మొగుడు కామేశ్ లేచి, "నానొక్క పాట పాడను. సేపలు పారిపోతాయి" అన్నాడు. పాట అక్కర్లేదని, వేరే షరతు ఉందని ఆడవాళ్ళు కబురు పంపారు. ఆ షరతేమిటో చెప్పడం లేదు. మగవాళ్ళు బెంగపెట్టుకున్నారు.

రెండోది, ఆయి మనిషి కాదని అమ్మమ్మకు చెప్పాను. నమ్మడానికి రెండు రోజులు పట్టింది. "మరి ఏడిసిందెవులు?" అని ఇప్పటికీ అడుగుతోంది.

మూడోది. యంత్రమని తెలిశాక, అందులో తాను ఏమన్నానో వినాలంది. నన్నొక్కడినే చదవమన్నావు గానీ, ఆమె మాటలు ఆమెకు చదవనని ఎలా అనను? చదివాను. మొదట బాగా నవ్వింది. "పర్యావరణ సమతుల్యతను కాపాడటం మా సంస్కృతిలో భాగం" అని చదివితే, "అదేటో ఇంకోపాలి సదువు, నాను బాగానే మాటాడినాను" అంది.

తర్వాత ఏడో పేజీ వచ్చింది. "నా భర్త చిరునవ్వుతో సముద్రతల్లి ఒడిలో ఒదిగిపోయాడు. నాకు ఆ తల్లి మీద కోపం లేదు" అని ఉంది.

నేను ఆపేశాను. అమ్మమ్మ అడిగింది. "పావని నన్నడిగిందేట్రా? ఆ పిల్లకి సెప్పకపోదునా? నా మొగుడు నవ్వినాడని ఎవులు సూసినారు?"

ఆ రోజు అన్నం తినలేదు. నాన్న సముద్రంలో పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. ఆ రోజు గురించి ఆమె నా దగ్గర కూడా ఎత్తదు.

నేనూ నవ్వాను కాబట్టి నిన్ను తిట్టే హక్కు నాకు లేదు. కానీ "అవును, అలాంటిది ఉంది" అని ఆమె చేత అనిపించడం ఇక నా వల్ల కాదు.

మావ


విశాఖపట్నం,
18 మార్చి 2026

మావా,

నీ ఉత్తరం సోమవారం అందింది. ఆ రోజు మధ్యాహ్నమే సార్ గదికి వెళ్ళాను. ఈసారి నోటీసు బోర్డు చదవలేదు.

"సార్, నేను జనవరిలో ఊరు వెళ్ళలేదు. ఆ ఇంటర్వ్యూ మా అమ్మమ్మ ఇచ్చింది కాదు. ఆ పండగ కూడా లేదు. అంతా ఏఐతో రాయించాను" అన్నాను. నా గదిలోనే అనుకుని వచ్చిన క్షమాపణ ఇంకా చాలా ఉంది గానీ అది నోట్లోంచి రాలేదు.

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఇంటర్వ్యూ మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. ముప్పై ఏళ్ళలో ఏ మత్స్యకార స్త్రీ నాతో రేడియోలా మాట్లాడలేదు. కానీ పండగ నిజమైతే బాగుండునని అనిపించింది. అందుకని అనుమానాన్ని పక్కన పెట్టాను. అది నా తప్పు" అన్నారు.

తర్వాత ఒక కాగితం చూపించారు. వచ్చే నెల ఏదో సదస్సుకు ఆయన పంపిన వ్యాసం సంగ్రహం. అందులో తెడ్ల పున్నమి గురించి ఒక పేరా ఉంది, నా పేరుతో సహా. "ఇది అచ్చయితే రేపు ఎవరో నీ యంత్రాన్ని అడుగుతారు. అది నా వ్యాసం చూపించి ఉందంటుంది. ఎల్లుండి మీ ఊరి పిల్లలే అది చదివి మా పెద్దలు మరచిపోయారనుకుంటారు" అన్నారు. నా ముందే ఉత్తరం రాసి ఆ వ్యాసం వెనక్కి తీసుకున్నారు. మావా, ఆయన తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

నివేదికకు సున్నా వేశారు. ఏప్రిల్ ఇరవై లోగా మళ్ళీ రాసిచ్చే అవకాశం ఇచ్చారు. సగానికి మించి మార్కులు రావు. అదీ కుదరకపోతే ఈ సెమిస్టరు పోయినట్టే. ఏఐ వాడకూడదని అనలేదు. ఎక్కడ వాడానో మొదటి పేజీలో నా చేత్తో రాయాలి. ఒక మనిషి అన్నదని రాసిన మాట ఆ మనిషి నోటి నుంచే వచ్చి ఉండాలి. ఈ రెండే షరతులు.

మర్నాడు క్లాసులో నా పేరు చెప్పకుండా, "ఎవరైనా నివేదిక వెనక్కి తీసుకోవాలంటే సాయంత్రం దాకా నా గది తెరిచే ఉంటుంది" అన్నారు. తొమ్మిది మంది వెళ్ళారు. వాళ్ళలో ఒకడైన సాయికుమార్ నివేదికలో తాతయ్యకు పుట్టని తమ్ముడొకడు స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు కూడా వెళ్ళాడట.

ఊరికి ఎవరూ రారు. దుర్గక్క వాళ్ళకు చెప్పి ఆ తాళ్ళ పని మానిపించు. అమ్మమ్మకు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. రేపు ఉగాది. ఫోను చేయడానికి ముఖం చెల్లడం లేదు.

పావని


రేవుపేట,
27 మార్చి 2026

పావనమ్మా,

నువ్వు చేసింది మంచి పని. ఇంతకంటే పొగడను.

పెద్దసారు రావడం లేదని వల కొట్టం దగ్గర చెప్పాను. అందరూ సరే అని ఇళ్ళకు పోతారనుకున్నాను. దుర్గ నా వైపు వింతగా చూసింది. "ఆయన కోసమా మనం సేత్తన్నది? పండగ ఎవులు పుట్టిస్తే మనకేటి? తాళ్ళు మా ఇంట్లో ఉన్నాయి, మొగుళ్ళూ మా ఇంట్లోనే ఉన్నారు" అంది. కాబట్టి నీ పండగ నువ్వు చంపినా చావలేదు.

ఇంకో వింత జరిగింది. మన పోస్టాఫీసుకు, జోగమ్మ గారి పేర, చేత్తో రాసిన ఇన్లాండు ఉత్తరం వచ్చింది. నీ సార్ రాశారు. అమ్మమ్మ పేరున ఉత్తరం రావడం ఇదే మొదలు. నేను చేతికిస్తే రెండు వైపులా తిప్పి చూసి, మంచం మీద సర్దుకుని కూర్చుని, అప్పుడు చదవమంది.

"అమ్మా, మీరు అనని మాటలు మీ మనవరాలు రాసింది. నేను నమ్మి నలుగురికీ చెప్పాను. ఇద్దరం మీకు క్షమాపణ చెప్పుకోవాలి. మీరు ఒప్పుకుంటే ఏప్రిల్ రెండున నేనొక్కడినే వస్తాను. ఒప్పుకోకపోతే రాను" అని ఉంది.

అమ్మమ్మ ఆ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మడిచింది. "ఆయన్ని రమ్మను. సేపల పులుసు తింటాడో లేదో కనుక్కో. ఆ పావని గుంటని ముందు రోజే రమ్మను. నా మాట నా నోట్లోంచి ఇనమను" అంది.

నేను మాత్రం ఉండను. ఒకటి నుంచి మూడు దాకా శ్రీకాకుళంలో మాకు ట్రైనింగు. ఊళ్ళో ఇన్నేళ్ళకు ఒక వేడుక పుడుతుంటే నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెడుతున్నారు. ఏం జరిగిందో పూస గుచ్చినట్టు రాయాలి. మీ అత్త చెబితే సగం దాస్తుంది.

మావ


విశాఖపట్నం,
6 ఏప్రిల్ 2026

మావా,

పూస గుచ్చుతున్నాను, విను.

ఒకటో తేదీ సాయంత్రం టెక్కలిలో దిగి, సంతబొమ్మాళి మీదుగా ఆటోలో ఊరొచ్చాను. అమ్మమ్మ అరుగు మీద చేప పొలుసు తీస్తోంది. తలెత్తలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "అమ్మమ్మా, నన్ను కొట్టు" అన్నాను. "సెయ్యి కాళీ నేదు" అంది. ఇంకో కత్తిపీట నా వైపు తోసింది. ఇద్దరం ఆ చేపలన్నీ బాగుచేశాం. అప్పుడు అంది: "తప్పు రాసినందుక్కాదే. అడగనేదు సూడు, అందుకు." నాకు ఏడుపొచ్చింది. చేప చేతులతో కళ్ళు తుడుచుకున్నానేమో, ఇంకా మండిపోయాయి. అది చూసి ఆమె నవ్వేసింది.

తెల్లవారేసరికి రేవులో మగవాళ్ళంతా బోట్ల దగ్గర నిలబడి ఉన్నారు. పద్దెనిమిది బోట్లు, ఒక్కదానికీ తాడు లేదు. ఆడవాళ్ళు ఇసుకలో వరసగా కూర్చున్నారు. ఒడిలో తాడు, పైన కొంగు. కామేశ్ బావ అప్పటికే ఇంట్లో బియ్యం డబ్బా దాకా వెతికొచ్చాడట, గడ్డానికి తవుడు అంటుకుని ఉంది.

"ఏటి మీ సరతు?" అన్నాడు.

దుర్గక్క లేచింది. "గవర్నమెంటోలు ఇచ్చిన లైపు జాకెట్టు ఏదీ? ఏసుకుని రా. తాడిత్తాను."

మావా, ఇదీ వాళ్ళు దాచిన షరతు. ఆ జాకెట్లు ఇచ్చి మూడేళ్ళయింది. ఉక్కపోస్తుందని, చేయి ఆడదని ఎవరూ వేసుకోరు. సగం ఇళ్ళలో అవి తలగడలు. మగవాళ్ళు కొంతసేపు గొణిగారు. అరిచారు. పొద్దెక్కితే కానాగంత చేపలు పోతాయన్నారు. ఆడవాళ్ళు కదల్లేదు. చివరికి కామేశ్ బావ విసవిసా ఇంటికి వెళ్ళి జాకెట్టు వేసుకొచ్చాడు. పువ్వుల గలీబు కూడా తీయకుండా, పక్కలు చింపి చేతులు దూర్చేశాడు. రేవంతా నవ్వింది. అతను నవ్వలేదు గానీ దుర్గక్క తాడు ఇచ్చింది. తర్వాత ఒక్కొక్కరూ వెళ్ళారు. పదిహేడు బోట్లు బయల్దేరాయి. ఒక్క నూకయ్య తాతే పంతం పట్టి, సాయంత్రం దాకా బోటు నీడలో పడుకున్నాడు.

సార్ అప్పటికే వచ్చి కొబ్బరి చెట్టు కింద నిలబడి చూస్తున్నారు. పుస్తకం తీసి అమ్మమ్మ దగ్గరకెళ్ళి, "అమ్మా, ఈ ఆచారం ఎప్పటినుంచి ఉంది?" అని అడిగారు.

నేను నిన్ను అనిపించమన్న అబద్ధం ఇప్పుడు చెప్పాలనుకుంటే ఆమెకు ఎంత తేలికో.

"ఈ పొద్దుట్నించి" అంది అమ్మమ్మ.

సార్ అదే రాసుకున్నారు. "వచ్చే ఏడు కూడా చేస్తారా?" అన్నారు. "ఏడాది దాకా ఎందుకు? జాకెట్టు తీసీసిన రోజున మళ్ళీ సేత్తాం" అంది.

పులుసు తిన్నారు. రెండుసార్లు వడ్డించుకున్నారు.

ఆ మధ్యాహ్నం, మర్నాడంతా అమ్మమ్మ దగ్గర కూర్చున్నాను. యంత్రం చేత ఇరవై ప్రశ్నలు రాయించుకుని తీసుకెళ్ళాను. సార్ వద్దనలేదు. అందులో పదకొండు ప్రశ్నలకు అమ్మమ్మ జవాబు చెప్పకుండా నవ్వింది. మిగతా తొమ్మిది పనికొచ్చాయి. మంచి ప్రశ్నలన్నీ దుర్గక్క అడిగినవే. అమ్మమ్మ సరేనన్నాక ఫోన్లో రికార్డు చేశాను. ఇక్కడికొచ్చి ఆ మాటల్ని అక్షరాల్లో పెట్టమని యంత్రానికిచ్చాను. బోట్లు తిరిగి రాకపోతే ఏం చేసేవారని అడిగితే అమ్మమ్మ అంది: "ఏటి సేత్తాం, ఎదురు సూత్తాం." అది ఏం రాసిందో తెలుసా? "ఏటిలో చేపలు పట్టి వెదురు చూస్తాం." చదివి సంతోషీ నేనూ పొట్ట పట్టుకున్నాం. తర్వాత నవ్వు ఆగిపోయింది. సార్‌కు అదే ఇచ్చి ఉంటే, నలభై ఏళ్ళ కిందట ఆమె రేవులో నిలబడింది కాస్తా వెదురు తోటలో నిలబడింది అయిపోయేది.

అందుకని మొత్తం నేనే విని రాస్తున్నాను. ఒక్కో నిమిషానికి పావుగంట పడుతోంది.

పావని


రేవుపేట,
12 ఏప్రిల్ 2026

పావనమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ట్రైనింగులో వాళ్ళు చెప్పింది ఒక్కసారి కూడా వినలేదు.

నువ్వెళ్ళిన తర్వాత లెక్క ఇదీ: పద్దెనిమిది బోట్లలో పన్నెండింటి మనుషులు ఇంకా జాకెట్లు వేసుకుంటున్నారు. కామేశ్ మాత్రం పంతానికి టీ దుకాణానికి కూడా వేసుకెళుతున్నాడు. దుర్గకు సిగ్గేస్తుందనుకున్నాడు. ఆమె బాగుందంటోంది. పదిహేనో తేదీ నుంచి వేట నిషేధం కాబట్టి ఆడవాళ్ళకు రెండు నెలలు విశ్రాంతి. జూన్‌లో మళ్ళీ చూడాలి.

అమ్మమ్మ కబురు: నివేదిక ఇచ్చేముందు మొత్తం తనకు చదివి వినిపించాలట. ఫోనులోనే, స్పీకరులోనే. ఈసారి వీధంతా వినాలట.

ఒక సంగతి అడుగుతాను. రెండో రోజు సాయంత్రం అమ్మమ్మ "ఆ సెల్లు ఆపు" అని, నీతో చాలాసేపు మెల్లగా మాట్లాడిందని మీ అత్త చెప్పింది. నాన్న గురించేనా? ఆ రోజు ఏం జరిగిందో ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. నేను కొడుకుని. నువ్వు రాస్తే చదువుకుని చింపేస్తాను.

మావ


విశాఖపట్నం,
21 ఏప్రిల్ 2026

మావా,

నివేదిక నిన్న ఇచ్చాను. పదహారు పేజీలే వచ్చింది. మొదటి పేజీ నా చేత్తో రాశాను. మొదటి నివేదికలోని పండగ యంత్రం కల్పించిందని, దాన్ని నిజమని ఇచ్చింది నేనని, ఈసారి కొన్ని ప్రశ్నలకూ అక్షరదోషాలు చూసుకోవడానికీ దాన్ని వాడానని, మా అమ్మమ్మ మాటల్లో ఒక్కటి కూడా దాన్ని ముట్టుకోనివ్వలేదని. అమ్మమ్మ "సేత్తాం" అంటే "సేత్తాం" అనే ఉంది. ఆ యంత్రం ప్రతిసారీ దాన్ని దిద్దడానికి చూసింది. ప్రతిసారీ వెనక్కి మార్చాను.

మీ అందరికీ చదివి వినిపించినప్పుడు అమ్మమ్మ రెండు చోట్ల ఆపించింది కదా. కామేశ్ బావ తవుడు సంగతి తీసేయమంది, తీసేశాను. రెండోది తాతయ్య పోయిన రోజు గురించి. నేను రాసింది ఒక్క వాక్యమే, ఆమె ఫోను ఆపించాక చెప్పిందాంట్లోంచి. అది చదవబోయేలోగా ఆమె "అక్కడాపు" అనడం పక్కనే ఉన్న నువ్వూ విన్నావు. ఆ వాక్యం కొట్టేశాను. దాని చోట పదకొండో పేజీలో సగం ఖాళీగా వదిలేశాను. వేరే మాటలతో పూడ్చబుద్ధి కాలేదు.

ఇవాళ సార్ నన్ను కూర్చోబెట్టుకుని పేజీ పేజీ తిప్పుతూ అడిగారు. పదకొండు దగ్గర ఆగారు. ఆ ఖాళీ మీద వేలు పెట్టారు.

"ఇక్కడేం ఉండాలి?"

"మా అమ్మమ్మ నాకు చెప్పిన మాట సార్. రాయొద్దంది."

"యంత్రానికి చెప్పావా?"

"లేదు సార్."

"స్నేహితురాలికి?"

"లేదు సార్."

ఆయన కాసేపు ఆ తెల్ల కాగితాన్ని చదువుతున్నట్టే చూశారు. తర్వాత పేజీ తిప్పారు. నూటిలో నాకు రాగలిగిన యాభైకి నలభై ఆరు వేశారు.

మావా, నువ్వు ఆమె కొడుకువి. నీ హక్కు నాకంటే పెద్దది, ఒప్పుకుంటాను. కానీ నన్ను అడక్కు. మధ్యాహ్నం పూట ఆమె ఒక్కతే అరుగు మీద ఉన్నప్పుడు, ఫోను ఇంట్లో పెట్టేసి, వెళ్ళి పక్కన కూర్చో. ఆమెనే అడుగు.

నీ మేనకోడలు,
పావని